పెరటి తోటలో శనగ సాగు

శనగ చిక్కుడు కుటుంబమునకు చెందిన ఏకవార్షికపు పైరు. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని సైసర్ ఎరైటినమ్ అని వ్యవహరింతురు. ఈ నామమును లినేయస్ 1753లో స్థిరపరచెను. రేగడి భూములలో వేలాది ఎకరములు పరచుకొని పండెడి పప్పుధాన్యముగనే దీనిని మనమెల్లరము ఎరుగుదుము గాని, ఆకుకూరగాను, పచ్చికాయగాను, నేలకు సత్తువ చేకూర్చు పైరుగాను పెరటి తోటలో ఉండదగిన స్థానము ఇంతవరకు దీనికి లభింపలేదు. వంగ, బెండ, టమాట మొదలగు కూరగాయలను పెంచి అలవడిన చేయి శనగ యొద్దకు వచ్చునప్పటికి తన అలవాట్లను చాలవరకు మానుకొనవలసి యుండును. ఏలయన దినదినమును నీరు పోయుట, ఎరువు దండిగా వేయుట అను రెండు సద్గుణములును ఈ మొక్క విషయమున దోషములుగా పరిణమించును. పెరటిలో శనగ విఫలమైనదని చెప్పువారి అనుభవమును విచారించి చూచినచో, కారణము అశ్రద్ధ యగుట అరుదు, అతిశ్రద్ధ యగుటయే మెండు.

ఈ మొక్క జన్మస్థానము తుర్కీ దేశపు ఆగ్నేయ భాగమని పండితులు నిర్ణయించిరి. అచ్చటి కొండవాలులయందు నేటికిని తనంతట మొలచుచున్న సైసర్ రెటిక్యులేటమ్ అను అడవిజాతి మన సాగుశనగకు మూలమని, ఆ రెంటిని సంకరపరచినపుడు ఫలవంతమైన సంతతి కలుగుటవలన రుజువైనది. గోధుమ, యవ, చిరుశనగ (మసూరు) వంటి తొలి పైరులతోపాటు సుమారు 10,000 సంవత్సరముల క్రిందట మానవుడు మచ్చిక చేసికొనిన ధాన్యములలో ఇది యొకటి. వాయవ్య సిరియాలోని తెల్ ఎల్-కెర్ఖ్ త్రవ్వకములలో అతిప్రాచీనములైన శనగగింజలు లభించినవి. ఐరోపా ఖండమున 800వ సంవత్సర ప్రాంతమున షార్లమేన్ చక్రవర్తి పాలనలో వెలువడిన ఒక శాసనమునందు రాజోద్యానములలో పెంపవలసిన మొక్కల పట్టిక యున్నది. అందు శనగ కూడ పేర్కొనబడియుండుట మన ప్రస్తుత విషయమునకు మిక్కిలి ఉపకరించు ఆధారము. పొలము పైరులలో నొకటిగా మాత్రమే గాక తోటమొక్కగా సైతము దీనిని పూర్వులు గణించిరని దానివలన తెలియుచున్నది.

నేడు ప్రపంచమున పండు శనగలో సుమారు మూడింట రెండు వంతులు భారతదేశముననే పండుచున్నది. చిరకాలము ఇది ఉత్తరాపథపు చలినేలల పైరుగా పరిగణింపబడెను. అచ్చట కాలువనీరు పారి గోధుమసాగు విస్తరించిన కొలదియు శనగ దక్షిణమునకు జరిగినది. త్వరగా కోతకు వచ్చు రకములు వెలువడుటచేత కర్నూలు, ప్రకాశము, అనంతపురము, కడప జిల్లాల నల్లరేగడులును, తెలంగాణములో ఆదిలాబాదు, మెదకు ప్రాంతపు భూములును దీనికి నెలవులైనవి. ఈ పరివర్తనమునందు, హైదరాబాదు చెంత పటాన్‌చెరువులో 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ పరిశోధనసంస్థకును, నంద్యాల పరిశోధనస్థానమునకును గణనీయమైన పాత్ర కలదు. ఇక్రిశాట్ విత్తననిధిలో దేశదేశములనుండి సేకరించిన దాదాపు 20,000 శనగ నమూనాలు భద్రపరుపబడియున్నవి. 2013లో శనగ జన్యుపటమును వెలువరించిన అంతర్జాతీయ శాస్త్రజ్ఞబృందమునకు నాయకత్వము వహించినదియు ఈ సంస్థయే. ఆ పటమునందు సుమారు 28 వేల జన్యువులు గుర్తింపబడినవి.

శనగలో ముఖ్యభేదములు రెండు. దేశవాళీ శనగ గింజ చిన్నది, కోణములు కలది, గోధుమవన్నె పొట్టు కలది. దాని పువ్వు గులాబి వన్నెకును ఊదారంగునకును నడుమ నుండును. కాబూలీ శనగ గింజ పెద్దది, తెల్లనిది, పలుచని పొట్టు కలది. దాని పువ్వును తెల్లనిదే. దేశవాళీలో జె.జి.11, కాబూలీలో కె.ఎ.కె.2 మన రైతులకు సుపరిచితములు. శ్వేత అను కాబూలీ రకము దాదాపు 85 దినములలో ముగియును. పెరటివారికి నేను దేశవాళీనే సూచింతును; అది తెగుళ్లకు, ఎద్దడికి ఎక్కువ ఓర్చును, దాని పచ్చికాయ రుచియు మిన్న. కాబూలీ గింజ పలుచని పొట్టు తడినేలలో త్వరగా మురుగును గావున దానిని నల్లమట్టిలో విత్తువారు మరింత జాగరూకులై యుండవలెను.

మొక్క స్వభావము తెలిసికొననిదే దాని సేద్యము బోధపడదు. శనగమొక్క మోకాలియెత్తునకు మించక, మొదటినుండియే కొమ్మలు వేసి గుబురుగా పెరుగును. విత్తు మొలచునపుడు చిక్కుడువలె పప్పుబద్దలు నేలపైకి రావు. అవి మట్టిలోనే నిలిచి మొలకను పోషించును. అందుచేతనే పిచ్చుకలు లేత మొలక తల కొరికివేసినను, నేలలోపలి కణుపునుండి మరియొక మొలక లేవగలదు. తల్లివేరు మీటరునకు పైగా లోతునకు దిగి, ఇతర కూరగాయలకు అందని తేమను వెదకుకొనును. పక్కవేళ్లపై నెల గడచునప్పటికి చిన్న బుడిపెలు కానవచ్చును. ఒక మొక్కను మట్టితో సహా మెల్లగా పెల్లగించి, వేరును నీటిలో కడిగి, ఒక బుడిపెను గోటితో చీల్చి చూచినచో లోపల లేత ఎరుపువన్నె కనబడును. అది కనబడిన యెడల వేరునందు కాపురమున్న సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించుచున్నవని నిశ్చయింపవచ్చును. లోపల ఆకుపచ్చగనో బూడిదవన్నెగనో ఉన్నచో బుడిపె పని ముగిసినదనియో, ఆరంభమే కాలేదనియో గ్రహింపవలెను.

ఆకు ఈనెకు ఇరువైపుల రంపపుటంచులు గల చిన్న చిన్న పత్రకములు అమరియుండును. ఆకు, కాండము, కాయ, అన్నిటిపైనను సన్నని నూగు ఉండి, దాని కొనలనుండి పుల్లని ద్రవము స్రవించును. ఈ ద్రవమునందు మాలిక్, ఆక్జాలిక్ ఆమ్లములు ఉండును. మంచుకాలపు రాత్రులలో పైరుపై పలుచని బట్ట పరచి, వేకువను దానిని పిండి, ఆ పులుసును సేకరించు ఆచారము మన దేశమున పూర్వమునుండియు కలదు. ఆయుర్వేదజ్ఞులు దానిని చణకామ్లమని పిలిచి అజీర్ణాదులయందు వినియోగించిరి. పెరటిలోనైనను ఉదయమున మంచుతడి ఆరకముందే ఆకును తాకి వ్రేలిని నాలుకపై నుంచుకొనినచో ఆ పులుపు తెలియును. చేతులకు గీతలు, గాయములు ఉన్నవారు మొక్కలను ఎక్కువసేపు తడవరాదు, చుర్రుమనును. ఈ ఆమ్లమువలననే పెక్కు పురుగులు శనగ దాపునకు రావు. వచ్చునట్టి ఒక్క పురుగును గూర్చి ముందు చెప్పబోవుచున్నాను.

శనగకు చల్లని రాత్రులు, ఎండగల పగళ్లు, పొడిగాలి కావలెను. 15 మొదలు 25 డిగ్రీల వరకు గల ఉష్ణోగ్రత దీనికి హితము. పూతకాలమున పగటివేడి 35 డిగ్రీలకు చేరినచో పుప్పొడి నిర్వీర్యమై పువ్వు రాలిపోవును. కావున తెలుగునాట ఆశ్వయుజ కార్తీకములలో, అనగా చిత్త, స్వాతి కార్తెలలో, వానలు వెనుకబట్టిన పిమ్మట విత్తుట ఉత్తమము. ఆలస్యమైనచో కాయ గట్టిపడు దశలో మాఘపు ఎండ తగిలి గింజ నొక్కువడును. తొందరపడినచో తుపాను వానలకు మొలక కుళ్లును. సముద్రతీరపు ఉక్క ప్రదేశములలో శనగ ఆకుకు లోపముండదు గాని కాపు స్వల్పము. అచ్చటివారు ఆకుకూర కొఱకే దీనిని వేసికొనుట మేలు. అమెరికాలో వాషింగ్టను, ఐడహో రాష్ట్రముల మెట్టభూములలో శనగ విస్తారముగ పండును. అట్టి శీతలదేశములలో స్థిరపడిన తెలుగువారు వసంతమున నేల వెచ్చబడగనే విత్తినచో వేసవి చివరకు కోయవచ్చును. ఆస్ట్రేలియాలోని క్వీన్సులాండు, న్యూ సౌత్ వేల్సులలో దీనికి చలికాలమే ఋతువు గాన, అచ్చట మేనెల ప్రాంతమున విత్తవలెను.

మడికి రోజంతయు ఎండ తగులవలెను. కొబ్బరి, మామిడి నీడలు పనికిరావు. నేల ఏదైనను నీరు నిలువరాదు. నల్లమట్టి ఐనచో మెత్తగా దుమ్మువలె చేయక, చిన్న చిన్న గడ్డలు మిగులునట్లు త్రవ్విన చాలును, వేరుకు గాలి సోకును. ఎర్రమట్టి ఐనచో బాగుగ మాగిన పశువుల ఎరువును కొద్దిగా కలుపవచ్చును. చౌడు నేలలో శనగ బ్రతుకదు. యూరియా వంటి నత్రజని ఎరువులు వేసినచో మొక్క ఏపుగా పెరిగి, బుడిపెలు కట్టుట మాని, కాయను మరచును. పిడికెడు ఎముకల పొడియో సూపరు ఫాస్ఫేటో చాళ్లలో చల్లిన అదియే పుష్కలము.

విత్తనమునకు అంగడిలోని ముడి శనగలు కూడ మొలచును గాని, అవి ఎన్నినాళ్ల నిలువయో తెలియదు, ఎండుతెగులు గింజతో వచ్చు ప్రమాదమును కలదు. పది గింజలను తడిగుడ్డలో చుట్టి నాలుగు దినములుంచి, ఎనిమిదింటికి తక్కువ మొలచినచో ఆ విత్తును విడువవలెను. పది చదరపు మీటరుల మడికి 100 గ్రాముల దేశవాళీ విత్తనము చాలును. మొదట తెగుళ్లను అడ్డగించు ట్రైకోడెర్మా పొడి పట్టించి, పిమ్మట చల్లార్చిన బెల్లపు పాకముతో శనగకు ప్రత్యేకమైన రైజోబియము పొడిని గింజలకు పూసి, నీడలో ఆరబెట్టి, ఆనాడే విత్తవలెను. ఈ రెండు పొడులును వ్యవసాయశాఖవారి దుకాణములలో లభించును. ఏనాడును శనగ పండని పెరటిలో రైజోబియము లేనిదే బుడిపెలు సరిగా కట్టవు గనుక ఈ పనిని ఉపేక్షింపరాదు. చాళ్ల నడుమ 30, మొక్కల నడుమ 10 సెంటీమీటరుల ఎడము, 5 మొదలు 8 సెంటీమీటరుల లోతు ఉండవలెను. మేడపై పెంచదలచువారు అడుగు లోతు, అడుగు వెడల్పు గల కుండీలో నాలుగు మొక్కలకు మించి ఉంచరాదు. కుండీ అడుగున రంధ్రము తెరచి యున్నదో లేదో ముందే చూచుకొనవలెను.

ఇక నీటి విషయము. విత్తుటకు రెండు మూడు దినములు ముందు మడిని నిండుగా తడిపి, మట్టి చేతికంటక పిడికిటిలో ముద్దకట్టునంత పదునునకు వచ్చిన పిదప విత్తి, మొలక కనబడువరకు నీరు పోయకుండుట మొదటి నియమము. విత్తిన వెంటనే తడిపినచో గింజ ఉబ్బి పగిలి కుళ్లును. మొలచిన పిమ్మట పైమట్టి ఎండినట్లు కన్పట్టినను తొందరపడక, నాలుగు వ్రేళ్ల లోతున త్రవ్వి చూచి, అచ్చట తేమ యున్నంతవరకు ఊరకుండవలెను. నల్లమట్టిలో పూతకు ముందు ఒకమారు, కాయలో గింజ కట్టునపుడు ఒకమారు తడిపిన చాలును. మంచు బాగుగ కురిసిన యేడు ఒక్కతడియైనను అవసరముండకపోవచ్చును. ఎర్ర ఇసుక నేలలలోను, కుండీలలోను ఇంతకంటె ఎక్కువ తడులు తప్పవు. దీనికి హేతువు శనగ స్వభావమునందే కలదు. ఈ మొక్క పెరుగుదలకు నిర్ణీతమైన అవధి లేదు. తేమ దొరకినంతకాలము ఆకును, కొమ్మను వేయుచునే యుండును, నేల క్రమముగ ఆరుచున్నప్పుడే తన శక్తిని గింజకు మరల్చును. అదియు గాక, బుడిపెలలోని సూక్ష్మజీవులకు గాలి అత్యవసరము. నీరు నిలిచిన మట్టిలో అవి ఉక్కిరిబిక్కిరియై నశించును, మొక్క పసుపువారును. దానిని చూచి ఎద్దడి యనుకొని మరల నీరు పోయువారు కలరు. అంతటితో మొక్క గతించును. నిండుపూతలో ఉన్న శనగకు నీరు పోయుట అన్నిటికంటె హానికరము.

విత్తిన నెలదినములకు మొక్క జానెడు ఎత్తు పెరుగును. అప్పుడు ప్రతి కొమ్మ కొనను రెండంగుళములు గిల్లినచో పక్కకొమ్మలు విస్తరించి కాపు హెచ్చును. గిల్లిన ఆ లేత చిగుళ్లే శనగాకు కూర. కందిపప్పుతో ఉడికించినను, ఉల్లి, ఎండుమిరప తాలింపుతో వేపినను దాని సహజమైన పులుపు చింతపండుతో నిమిత్తము లేకుండ చేయును. ఎండబెట్టి డబ్బాలో నిలువయుంచుకొనినచో వేసవిలో సైతము వాడుకొనవచ్చును. పూత మొదలైన పిదప ఆకు కోయరాదు.

సుమారు 40 దినములకు ఆకు పంగలందు ఒక్కొక్కటిగ పువ్వులు పూయును. పువ్వు విప్పారకముందే లోపల పరాగసంపర్కము జరిగిపోవును గనుక తేనెటీగల సాయము అవసరము లేదు. రెండు రకములను పక్కపక్కనే వేసినను విత్తనము చాలవరకు శుద్ధముగనే నిలుచును. పిందె మొదట గాలి నిండిన బుడగవలె ఉబ్బును. అప్పుడు నొక్కి చూచినచో లోపల గింజ తగులదు. క్రొత్తవారు దానిని తాలుకాయ అనుకొని నిరాశచెందుదురు. మరి రెండు మూడు వారములకు గింజ పెరిగి ఆ గదిని నింపును. ఒక కాయలో ఒకటియో రెండో గింజలుండును, మూడు అరుదు.

శనగకు పరమశత్రువు శనగపచ్చ పురుగు. శాస్త్రజ్ఞులు హెలికోవర్పా ఆర్మిజెరా అందురు. పత్తిని, టమాటను, కందిని తినునదియు ఇదియే. కాయకు గుండ్రని రంధ్రము చేసి, తలను లోపలికి దూర్చి, తక్కిన దేహమును వెలుపల వ్రేలాడవిడిచి గింజను తినును. ఒక్క పురుగు జీవితకాలములో 30, 40 కాయలను పాడుచేయగలదు. పది గజముల మడికి మందుల అవసరము లేదు. ఉదయసాయంకాలములు మొక్కలను పరికించి, పురుగులను చేతితో ఏరి సబ్బునీటిలో వేసిన చాలును. మడిలో రెండు మూడు చోట్ల ఎత్తుగా కొయ్యలు పాతి అడ్డుపుల్లలు కట్టినచో, ఏట్రింతలు, గోరువంకలు వాటిపై వాలి పురుగులను ఏరుకొని తినును. గట్టువెంబడి బంతిమొక్కలు వేసినచో తల్లిరెక్కపురుగు వాటిపై గ్రుడ్లు పెట్టును. చాళ్ల నడుమ ధనియాలు చల్లినచో వాటి పూలకు వచ్చు మిత్రకీటకములు పచ్చపురుగును వేటాడును. ఉధృతి మిక్కుటమైనపుడు లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున వేపగింజల పొడిని రాత్రియెల్ల నానబెట్టి, వడకట్టి, కొంచెము సబ్బుపొడి కలిపి సాయంకాలమున చల్లవలెను.

తెగుళ్లలో ఎండుతెగులు భయంకరమైనది. నిన్నటివరకు పచ్చగనున్న మొక్క తల వాల్చి వాడును. కాండమును నిలువుగ చీల్చినచో నడిమి భాగమున నల్లని చార కనబడును. దీనికి చికిత్స లేదు. అట్టి మొక్కను పెరికి కాల్చివేయుటయే కర్తవ్యము.

గింజ నిండి ఇంకను పచ్చగనున్నపుడు, అనగా విత్తిన 75, 80 దినములకు, పెరటివాని అసలు పంట చేతికి వచ్చును. పుష్యమాసపు సంతలలో కట్టలుగా అమ్ము పచ్చిశనగలు కోసి ఎన్నిగంటలైనదో తెలియదు; చెట్టునుండి కోసి అప్పటికప్పుడు ఒలిచి తిను గింజ తీపి వేరు. మొక్కలను మొదలంట కోసి నిప్పుల సెగపై కాల్చి, నల్లబడిన కాయలను నలిపి తినుట పల్లెటూరి బాలురకు పండుగ. ఎండుగింజ కొఱకు ఆకు రాలి కాయ పసుపువన్నెకు తిరుగువరకు వేచియుండవలెను. మంచి పొలమున హెక్టారుకు 20 క్వింటాళ్లు పండును. ఆ లెక్కన పది చదరపు మీటరుల మడిలో రెండు కిలోలు. అంగడిలో సులభముగ దొరకు శనగపప్పు కొఱకై పెరటిని కేటాయించుట లాభసాటి కాదని నా నిశ్చితాభిప్రాయము. ఆకు, పచ్చికాయ, నేలకు చేరు సత్తువ ఈ మూడింటి కొఱకు మాత్రము తప్పక వేయదగును.

ఎండుశనగలో సుమారు ఐదవవంతు మాంసకృత్తులు. బొబ్బట్టులోని పూర్ణము, బజ్జీల పిండి, పచ్చడిలోని పుట్నాలు దీని రూపాంతరములే. శ్రావణమాసపు నోములలో ముత్తైదువలకు నానబెట్టిన శనగలు వాయనమిచ్చుట తెలుగింటి ఆచారము. పెరటిలో పండిన కిలో రెండు కిలోల గింజలను ఆ వాయనమునకు దాచుకొనువారు వాటిని బాగుగ ఎండబెట్టి, కొంచెము ఆముదము పట్టించి, గాలి చొరని డబ్బాలో ఉంచవలెను. లేకున్నచో పెంకుపురుగు చేరి శ్రావణమునకు గింజ పుచ్చిపోవును.

కోత ముగిసిన పిదప మొక్కలను వేళ్లతో సహా పెరికివేయక, నేలమట్టమునకు కోసి వేళ్లను మట్టిలోనే విడిచినచో, బుడిపెలలోని నత్రజని తరువాత వేయు తోటకూరకో వంగకో అక్కరకు వచ్చును. ఎండుతెగులును కలిగించు శిలీంధ్రము శనగమొక్క లేకున్నను ఆరు సంవత్సరములవరకు మట్టిలో జీవించియుండగలదు. కావున తెగులు కనబడిన మడిలో అంతకాలమును, కనబడని మడిలో సైతము కనీసము రెండు మూడు సంవత్సరములును మరల శనగ విత్తరాదు. ప్రతి యేడును దానికి పెరటిలో వేరొక చోటు చూపవలెను.